శోథ: వాపును వైద్యం అర్థం చేసుకున్న చరిత్ర

ముల్లు గుచ్చుకున్నా, వేడి గిన్నె తగిలి చర్మం కాలినా, గాయంలోకి సూక్ష్మజీవులు చేరినా శరీరం దాదాపు ఒకే తీరుగా స్పందిస్తుంది. ఆ చోట రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటి గోడల్లో సందులు ఏర్పడి రక్తంలోని ద్రవం బయటికి ఊరుతుంది. దాని వెంట తెల్ల రక్తకణాలు వస్తాయి. ఈ మొత్తం ప్రక్రియ పేరు శోథ. ఆస్పత్రుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇన్‌ఫ్లమేషన్. అపెండిసైటిస్, హెపటైటిస్, ఆర్థరైటిస్ వంటి పేర్ల చివర ఉండే ‘ఐటిస్’ దీన్నే తెలుపుతుంది. ఇది శరీరానికి కీడా, మేలా అన్నది రెండు వేల ఏళ్లపాటు తేలలేదు. గ్రంథాల మీద సాగిన వాదాల కంటే, బతికున్న కణజాలాన్ని ఓపికగా చూస్తూ కూర్చున్నవారే దానికి జవాబు దగ్గరికి తెచ్చారు.

క్రీ.శ. మొదటి శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత సెల్సస్ తన ‘డి మెడిసినా’లో నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. నేటికీ వైద్య విద్యార్థులు వీటినే వల్లె వేస్తారు. అవయవం పనిచేయకపోవడం అనే ఐదో గుర్తును చాలా పాఠ్యపుస్తకాలు ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ ఖాతాలో వేస్తాయి. అది నిజానికి 19వ శతాబ్దపు చేర్పు అనీ, జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోకే ఆ ఘనత చెందుతుందనీ వైద్య చరిత్రకారులు వాదించారు.

మన దేశంలో సుశ్రుత సంహిత వ్రణశోథను ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా విడదీసింది. పల్లెల్లో సెగగడ్డ ఇంకా పండలేదు, అప్పుడే కోయకూడదు అనే పెద్దల మాట ఈ ఆలోచనకు దగ్గరగానే ఉంటుంది. పచ్చి గడ్డను తెలియక కోసేవాడినీ, పండిన గడ్డను పట్టించుకోకుండా వదిలేసేవాడినీ సుశ్రుతుడు ఒకే గాటన కట్టి నిందించాడు. శోథలో ఎప్పుడు చేయి పెట్టాలి, ఎప్పుడు ఆగాలి అన్నది అప్పటికే వైద్యుడి నేర్పుకు పరీక్షగా నిలిచిందన్నమాట.

ఐరోపాలో మాత్రం చేయి పెట్టడమే రివాజైంది. గేలెన్ సంప్రదాయంలో శోథ అంటే ఒక చోటికి రక్తం అతిగా చేరడం. కాబట్టి రక్తం తీసేయడమే మందు. 19వ శతాబ్దం తొలినాళ్లలో పారిస్ వైద్యుడు బ్రూసే దాదాపు ప్రతి జబ్బుకూ జీర్ణాశయ శోథే మూలమని బోధించి, జలగల చికిత్సను పతాక స్థాయికి తీసుకెళ్లాడు. 1830లలో ఫ్రాన్స్ జలగలను కోట్ల సంఖ్యలో దిగుమతి చేసుకుంది. పారిస్‌లోనే పియర్ లూయి అనే వైద్యుడు న్యుమోనియా రోగులను లెక్కగట్టి చూసి, రక్తం తీయడం వల్ల ఒరిగేది చాలా తక్కువని 1835లో ప్రకటించాడు. వైద్యంలో లెక్కకు విలువ పెరగడానికి ఈ పని బాగా తోడ్పడింది.

శోథను చూసే తీరు మార్చినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు స్కాట్లాండ్‌లో పుట్టిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్. 1761లో ఫ్రాన్స్ తీరంలోని బెల్ ఐల్ ద్వీపంపై జరిగిన దాడిలో అతడు సైనిక వైద్యుడు. తుపాకీ గాయాలను కోసి వెడల్పు చేసి గుండు తీయడం ఆనాటి పద్ధతి. గుండు తగిలి, ఏ చికిత్సా అందకుండా దాక్కున్న కొందరు సైనికుల గాయాలు తేలిగ్గా మానడం అతని కంటపడింది. అతడు చనిపోయిన మరుసటి ఏడు, 1794లో, రక్తం, శోథ, తుపాకీ గాయాలపై అతని గ్రంథం అచ్చయింది. శోథ రోగం కాదని, దెబ్బకో రోగానికో శరీరం చేసే మేలైన పని అని అందులో రాశాడు. అతని దగ్గర మంచి సూక్ష్మదర్శిని లేదు, కణ సిద్ధాంతం అప్పటికి పుట్టనే లేదు. అయినా అంత దూరం చూడగలగడం ఆశ్చర్యమే.

1858లో బెర్లిన్ నుంచి విర్కో ‘కణ రోగవిజ్ఞానం’ ఉపన్యాసాలు వెలువడ్డాయి. రోగం ద్రవాలలో కాదు, దెబ్బతిన్న కణంలో మొదలవుతుందని ఆయన చాటాడు. నేటి రోగనిర్ధారణ శాస్త్రానికి పునాది అదే. కానీ శోథ విషయంలో ఆయన పొరబడ్డాడు. చీములోని కణాలు ఆ చోటి కణజాలమే చీలి పుట్టినవని నమ్మాడు. దాన్ని తోసిపుచ్చినవాడు ఆయన శిష్యుడు యూలియస్ కోన్‌హైమ్.

కోన్‌హైమ్ కప్పకు క్యురారే ఇచ్చి కదలకుండా చేశాడు. పొట్ట తెరిచి, పేగులను పట్టి ఉంచే పలుచని పారదర్శక పొరను గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. గాలి తగలడమే ఆ పొరకు గాయం. కాసేపటికి రక్తనాళాలు ఉబ్బాయి. మొదట జోరుగా పారిన రక్తం క్రమంగా మందగించింది. మధ్యలో ఎర్రకణాలు కదులుతూనే ఉన్నాయి, తెల్లకణాలు మాత్రం పక్కకు జరిగి సిర గోడ వెంట వరుసకట్టి అంటుకున్నాయి. తర్వాత గోడ వెలుపలి వైపు చిన్న బొడిపె ఒకటి కనిపించింది. అది మెల్లగా పెరిగింది, లోపలి భాగం తరిగింది, చివరకు కణం మొత్తంగా బయటపడింది. ఇదంతా గంటలు పట్టే వ్యవహారం. కప్ప రక్తంలోకి రంగు రేణువులు ఎక్కించి, గాయపరిచిన కార్నియాలో ఆ రంగు మోసే కణాలను కూడా చూపించాడు. చీము కణాలు రక్తం నుంచి వస్తాయని 1867 నాటి ఆ వ్యాసంతో ఖాయమైంది. కణాలు నాళం దాటడాన్ని ఇంగ్లండ్‌లో ఆగస్టస్ వాలర్ 1846లోనే కప్ప నాలుకలో చూశాడు గాని, అప్పట్లో ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు.

కణాలు బయటికి ఎందుకు వస్తాయి? కోన్‌హైమ్ దృష్టిలో నాళం గోడ దెబ్బతినడమే అసలు సంగతి, కణాలు దాన్ని దాటి కారిపోతాయంతే. దీనికి భిన్నమైన జవాబు 1882లో ఇటలీలోని మెసీనాలో దొరికింది. రష్యన్ జంతుశాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికాఫ్ అక్కడ సముద్ర నక్షత్రాల డింభకాలను పరిశీలిస్తున్నాడు. అద్దంలా లోపలంతా కనిపించే జీవులవి. ఇంట్లోవాళ్లు సర్కస్‌కు వెళ్లిన ఒక రోజున, వాటిలో తిరిగే కణాలు శరీర రక్షణకు పనికొస్తాయేమోనన్న ఆలోచన తట్టిందని తర్వాత తానే రాసుకున్నాడు. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి డింభకాల చర్మం కింద గుచ్చాడు. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే ముళ్ల చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

ఆ డింభకానికి రక్తనాళాలు లేవు. ఎరుపెక్కడానికి, వేడెక్కడానికి అందులో ఏమీ లేదు. అయినా కణాలు దెబ్బతిన్న చోటికి వచ్చాయి. అంటే శోథకు కేంద్రం నాళం కాదు, మింగే కణం. ఆ కణాలకే భక్షక కణాలని పేరు. ఈ చరిత్ర మొత్తంలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత లోతైన ప్రశ్న తీర్చిన ప్రయోగం మరొకటి కనబడదు.

ఎదురుదాడి జర్మనీ నుంచి వచ్చింది. 1890లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతం, గొంతువ్యాధి అయిన డిఫ్తీరియా విషాలను రక్తంలోని ద్రవభాగమైన సీరం విరిచేయగలదని చూపించారు. రక్షణ రక్తద్రవంలోనే ఉందన్న పక్షం దాంతో బలపడింది. సీరంలోని పదార్థాలు సూక్ష్మజీవులకు అంటుకుంటే భక్షక కణాలు వాటిని సులువుగా మింగుతాయని 1903లో ఆల్మ్‌రాత్ రైట్, డగ్లస్ తేల్చాక రెండు పక్షాలకూ పొత్తు కుదిరింది. 1908 నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్‌కూ, సీరం పక్షానికి చెందిన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు.

ఇక దెబ్బతిన్న చోటు నుంచి కబురు మోసేదెవరు? లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1920లలో మనిషి చర్మం మీదే దీన్ని వెతికాడు. మొద్దు అంచుతో ముంజేతి మీద గట్టిగా గీస్తే కొద్ది సెకన్లలో ఎర్ర గీత పడుతుంది. తర్వాత దాని చుట్టూ ఎరుపు పరుచుకుంటుంది. ఆపైన గీత వెంబడే చర్మం దద్దులా లేస్తుంది. మొదటిదానికీ మూడోదానికీ చర్మంలోంచి విడుదలయ్యే హిస్టమిన్ వంటి పదార్థం, రెండోదానికి నాడి తంతువులు కారణమని ఆయన వివరించాడు. దోమకాటుకు లేచే దద్దు కూడా ఈ కోవలోదే.

రసాయనాల జాడ దొరికాక మందుల తీరు అర్థమైంది. 1899 నుంచి అమ్ముడవుతున్న ఆస్పిరిన్ శోథను రేపే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో గాని చెప్పలేకపోయాడు. 1948లో మేయో క్లినిక్‌లో హెంచ్, కెండల్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక మహిళకు కార్టిసోన్ ఇస్తే రోజుల్లో లేచి నడిచింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్థానమూ ఇక్కడ ఉంది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను అందించింది. అవి రక్త క్యాన్సర్ మందులుగా మొదలయ్యాయి. 1951లో అమినోప్టెరిన్ కీళ్లవాతాన్ని తగ్గిస్తుందని బయటపడింది. అప్పటికి సుబ్బారావు చనిపోయి మూడేళ్లు. వారానికోసారి చిన్న మోతాదులో వాడే మెథోట్రెక్సేట్ ఈనాటికీ కీళ్లవాత వైద్యంలో తొలి వరుస మందు.

చచ్చిన కణమల్లా శోథను రేపదు. 1972లో కెర్, విల్లీ, క్యూరీ వర్ణించిన అపాప్టోసిస్‌లో కణం తనంతట తాను కుంచించుకుని చిన్న తునకలవుతుంది. పక్క కణాలు వాటిని చప్పుడు చేయకుండా మింగేస్తాయి. రక్తం అందకో, విషం వల్లనో పగిలి చచ్చే కణం మాత్రం లోపలి సరుకును బయట చిమ్ముతుంది. గుండెపోటులో సూక్ష్మజీవి ఒక్కటీ లేకున్నా తెల్లకణాలు గుండె కండరంలోకి చేరేది అందుకే. ఇక సూక్ష్మజీవులు చేరినప్పుడు వాటిని పసిగట్టే గ్రాహకాలు ఉండి తీరాలని చార్లెస్ జేన్‌వే 1989లో ఊహించాడు. 1996లో ఈగలో జూల్ హోఫ్‌మన్ బృందం, 1998లో ఎలుకలో బ్రూస్ బాయిట్లర్ బృందం టోల్ కుటుంబపు గ్రాహకాల పాత్రను బయటపెట్టాయి.

లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ 1990లలో టీఎన్‌ఎఫ్ అనే ఒకే ఒక్క సంకేత ప్రోటీన్‌ను అడ్డుకుని మొండి కీళ్లవాతాన్ని లొంగదీశారు. అయితే అణిగి ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసేదీ ఆ టీఎన్‌ఎఫే. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ కార్టిసోన్ కోవకు చెందిన డెక్సామెథసోన్‌ను కోవిడ్‌లో పరీక్షించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అందుతున్నవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి దిగాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఆ మందుతో ఏ మేలూ కనిపించలేదు.