ఫిల్మ్ నువార్

ఫిల్మ్ నువార్ అనునది 1940, 1950 దశకాలలో అమెరికాలో నిర్మింపబడిన ఒక కోవకు చెందిన నేరకథా చిత్రాలకు ఫ్రెంచి విమర్శకులు ఇచ్చిన పేరు. ఫ్రెంచి భాషలో 'నువార్' అనగా నలుపు. కావున దీనిని 'చీకటి చిత్రం' అని తెనిగించవచ్చును. ఇవి చాలావరకు నలుపు తెలుపులలో తీసినవి. రాత్రివేళ నగర వీధులు, వానకు తడిసిన బాటలు, సిగరెట్టు పొగ, గోడలపై సాగిన నీడలు వీటిలో తరచుగా కనిపిస్తాయి. సాధారణ అపరాధ పరిశోధక చిత్రంలో 'హంతకుడు ఎవరు?' అన్నది ప్రశ్న. ఫిల్మ్ నువార్‌లో 'మంచివాడైన ఇతడు ఇంతటి పనికి ఎందుకు ఒడిగట్టినాడు?' అన్నది ప్రశ్న. తెలుగులో ఈ పేరుతో ప్రత్యేకమైన ధోరణి ఏదీ ఏర్పడలేదు గాని, దాని ఛాయలు గల చిత్రాలు కొన్ని వచ్చినవి.

పేరు పుట్టుక

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ ఆక్రమణలో నున్న ఫ్రాన్సుకు అమెరికా చిత్రాలు రాలేదు. యుద్ధం ముగిసిన తరువాత, 1946 వేసవిలో, 'ది మాల్టీస్ ఫాల్కన్' (1941), 'డబుల్ ఇండెమ్నిటీ' (1944), 'లారా' (1944), 'మర్డర్, మై స్వీట్' (1944) వంటివి కొద్ది వారాల వ్యవధిలో పారిస్ నగరంలో ప్రదర్శింపబడినవి. విడివిడిగా చూచిన అమెరికా వారికి తోచని పోలిక వరుసగా చూచిన ఫ్రెంచి వారికి తోచినది. నినో ఫ్రాంక్ అను విమర్శకుడు ఆ సంవత్సరమే ఈ పేరును వాడినాడు. అంతకు ముందు సంవత్సరం గల్లిమార్ ప్రచురణ సంస్థ నేర నవలలను 'సెరీ నువార్' (నల్లని వరుస) అను పేరుతో వెలువరించసాగినది. ఆ పేరు ఈ పేరుకు దారి చూపినదని చెప్పవచ్చును. విచిత్రమేమనగా ఈ చిత్రాలను తీసినవారికి తాము 'ఫిల్మ్ నువార్' తీస్తున్నామని తెలియదు. వారి దృష్టిలో అవి నేర చిత్రాలు, లేదా మెలోడ్రామాలు మాత్రమే.

వెలుగు నీడలు

ఈ చిత్రాలకు రూపమిచ్చినవారిలో ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్మాక్, ఓటో ప్రెమింజర్ వంటి పలువురు హిట్లర్ కాలంలో యూరపు విడిచి వెళ్ళినవారు. జర్మనీలో 1920 ప్రాంతంలో వచ్చిన 'డాక్టర్ కాలిగారి' వంటి చిత్రాల నీడల సంప్రదాయం వారికి తెలిసినదే.

మామూలు చిత్రీకరణలో పాత్ర ముఖంపై ప్రధానంగా పడే దీపాన్ని 'కీ లైటు' అని, దాని వలన ఏర్పడే నీడను పలుచన చేయుటకు పెట్టే రెండవ దీపాన్ని 'ఫిల్ లైటు' అని అంటారు. ఈ రెండవ దీపాన్ని బాగా తగ్గించినచో ముఖంలో సగం వెలుగు, సగం చీకటి మిగులుతుంది. ఫిల్మ్ నువార్ ఛాయాగ్రహణానికి ఇదే కిటుకు. 'డబుల్ ఇండెమ్నిటీ'లో ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ కిటికీ పట్టీల గుండా వచ్చే వెలుగులో దుమ్ము కనిపించుటకై అల్యూమినియం పొడిని గాలిలో చల్లించినాడు. ఆ పట్టీల నీడ నాయకుని చొక్కాపై జైలు ఊచల వలె పడుతుంది. మన 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెలను తలచుకొన్నచో తేడా తెలుస్తుంది. అక్కడ రాత్రి ప్రేమకు ఆశ్రయము, ఇక్కడ రాత్రి పాపానికి సాక్షి.

ఆకర్షణకు కారణాలు

'డబుల్ ఇండెమ్నిటీ' కథానాయకుడు ఒక భీమా ఏజెంటు. పరస్త్రీ వ్యామోహంలో పడి, భీమా సొమ్ముకు ఆశపడి, ఆమెతో కలిసి ఆమె భర్తను చంపుతాడు. చిత్రం మొదట్లోనే అతడు గాయపడి, అర్ధరాత్రి కార్యాలయానికి వచ్చి తన నేరాన్ని యంత్రంలో రికార్డు చేస్తాడు. అనగా ప్రేక్షకునికి ముగింపు ముందే తెలిసిపోయినది. అయినను చిత్రం చివరి వరకు కదలనీయదు. రావణ వధ తెలియని వారెవరూ లేకపోయినా హరికథకు జనం రాక మానరు గదా! తెలిసిన పతనం వైపు ఒక్కొక్క మెట్టు దిగే మనిషిని చూచుటలో ఒక భయము, ఒక జాలి ఉన్నవి. అతడు దుర్మార్గుడు కాడు. ఉద్యోగము, మాటకారితనము, కొంచెము దురాశ గల మనవంటి మనిషి. ఆ స్థానంలో తానున్నచో ఏమి చేసెడివాడనో అన్న ఆలోచన ప్రేక్షకునికి కలుగక మానదు.

హాలీవుడ్‌లో 1934 నుండి కట్టుదిట్టముగా అమలైన నిర్మాణ నియమావళి ప్రకారం నేరస్థుడు శిక్ష తప్పించుకొనరాదు. అందుచేత ఈ చిత్రాలలో శిక్ష తప్పక వస్తుంది. కాని ఆ శిక్ష వలన ధర్మం గెలిచినదన్న ఊరట కలుగదు. ఈ చేదే వీటి ప్రత్యేకత.

మోహపెట్టి నాశనం చేసే స్త్రీ పాత్ర మరొక ఆకర్షణ. ఇది మనకు కొత్తది కాదు. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం'లో చంద్రగుప్తుని చంపుటకు ప్రయోగింపబడిన విషకన్య వలన పర్వతకుడు మరణిస్తాడు. అయితే నాటకంలోని విషకన్య ఇతరుల చేతిలో ఆయుధం, ఫిల్మ్ నువార్ నాయిక తన ఎత్తు తానే వేస్తుంది. యుద్ధకాలంలో స్త్రీలు ఉద్యోగాలలో చేరి స్వతంత్రులు కావడం చూచి పురుషులకు కలిగిన జంకు ఈ పాత్రలో ఉన్నదని కొందరు విమర్శకుల అభిప్రాయం. ఈ అభిప్రాయంలో నిజమున్నది గాని, బార్బరా స్టాన్విక్ వంటి నటీమణుల ప్రతిభను అది పూర్తిగా వివరింపజాలదు.

భారతదేశంలో

బొంబాయిలో గురుదత్ దర్శకత్వం వహించిన 'బాజీ' (1951), ఆయన నిర్మించగా రాజ్ ఖోస్లా దర్శకత్వం వహించిన 'సి.ఐ.డి.' (1956) ఈ ఛాయలు బాగా కనిపించే చిత్రాలు. వీటిలో రెండవదానికి తెలుగువారితో సంబంధమున్నది. తాపీ చాణక్య దర్శకత్వం వహించిన 'రోజులు మారాయి' (1955)లో ఒక పాటకు నర్తించి పేరు తెచ్చుకొన్న వహీదా రెహమాన్ గురుదత్ దృష్టిలో పడినది. 'సి.ఐ.డి.' ఆమెకు తొలి హిందీ చిత్రం. అందులో ఆమెది నేరస్థుల పక్షాన ఉండి, మనస్సాక్షి గల స్త్రీ పాత్ర. పల్లెటూరి రైతు చిత్రంలో ఆడిన అమ్మాయి మరుసటి ఏడే ఇటువంటి చీకటి కథలో కనిపించుట గమనింపదగినది.

నిజాం పాలనలో ఉర్దూ పాలనాభాషగా, విద్యామాధ్యమంగా ఉండుట చేత వరంగల్లు, హైదరాబాదు వంటి పట్టణాలలో చదువుకొన్న తరానికి ఈ హిందీ చిత్రాల సంభాషణలు పరాయివిగా తోచలేదు. మద్రాసులో తయారైన తెలుగు చిత్రాలు పౌరాణిక, జానపద, కుటుంబ కథలతో నిండి ఉన్న ఆ రోజులలో, ఓరుగల్లు ప్రేక్షకునికి నగరపు రాత్రిని చూపినవి ప్రధానంగా హిందీ చిత్రాలే అనుకొనవచ్చును.

దక్షిణాదిన ఈ కోవలో మేటిది తమిళ చిత్రం 'అంద నాళ్' (1954). ఎ.వి.యం. సంస్థ నిర్మాణంలో ఎస్. బాలచందర్ దర్శకత్వం వహించినాడు. పాటలు లేవు. శివాజీ గణేశన్ వంటి నటుడు దేశద్రోహి పాత్ర ధరించుట ఆ రోజులలో సాహసమే.

తెలుగు చిత్రాలలో

కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'దొంగరాముడు' (1955)లో కథానాయకుడు దొంగ. కాని అతడు జబ్బుపడిన తల్లి కోసం, తరువాత చెల్లెలి చదువు కోసం తప్పుదారి పడతాడు. ప్రేమ వలన చేసిన తప్పును ప్రేక్షకుడు తేలికగా క్షమిస్తాడు. తెలుగు చిత్రం ఫిల్మ్ నువార్‌కు దూరంగా ఉండిపోవుటకు కారణం ఇక్కడే దొరుకుతుంది. మన నాయకుడు తప్పు చేయవచ్చును గాని, ఆ తప్పును కోరుకొనరాదు.

ఎన్.టి. రామారావు నటించిన 'లక్షాధికారి' (1963) తరువాత, 'వో కౌన్ థీ?' (1964) అను హిందీ చిత్రం ఆధారంగా బి.ఎస్. నారాయణ దర్శకత్వంలో 'ఆమె ఎవరు?' (1966) వచ్చినది. జగ్గయ్య, జయలలిత నటించిన ఈ కథలో దయ్యమనిపించినది చివరకు మనుషుల పన్నాగమే. అదే ఏడు వచ్చిన కృష్ణ 'గూఢచారి 116' విజయంతో నిర్మాతల చూపు గూఢచారుల సాహసాల వైపు మళ్ళినది. 'అవేకళ్ళు' (1967) నాటికి రంగులు కూడా వచ్చి చేరినవి. ఇదే కాలంలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను పాఠకులు విరివిగా చదివినారు. అంతటి పాఠకాదరణ ఉండి కూడా అటువంటి నవలల నుండి చెప్పుకోదగిన నలుపు తెలుపు చిత్రసంప్రదాయం పుట్టకపోవుట ఒక లోపమే.

రంగుల యుగంలో వంశీ దర్శకత్వం వహించిన 'అన్వేషణ' (1985) చీకటిని నగరం నుండి అడవికి తీసుకొనిపోయినది. ఎం.వి. రఘు ఛాయాగ్రహణం, ఇళయరాజా నేపథ్య సంగీతం కలిసి, పులి చంపినదని అందరూ నమ్మే మరణాల చుట్టూ అనుమానాన్ని పెంచుతాయి. రాంగోపాల్ వర్మ 'క్షణక్షణం' (1991)లో రాత్రి ఉన్నది, దొంగసొమ్ము ఉన్నది, కాని హాస్యం పాలు ఎక్కువ. చంద్రశేఖర్ యేలేటి 'అనుకోకుండా ఒక రోజు' (2005)లో, తన జీవితంలోని ఒక రోజు ఏమైనదో గుర్తులేని యువతి భయం పాతకాలపు ఫిల్మ్ నువార్‌కు దగ్గరగా ఉన్నది. స్పానిష్ చిత్రం ఆధారంగా వచ్చిన 'ఎవరు' (2019)లో అడివి శేష్ పాత్ర లంచగొండి పోలీసు అధికారి, రెజీనా పాత్ర హత్యానేరం మోపబడిన స్త్రీ. ఇద్దరిలో ఎవరి మాట నమ్మవలెనో తెలియని స్థితిలో ప్రేక్షకుని చివరి వరకు నిలిపి ఉంచిన తెలుగు చిత్రాలు అరుదు.