పట్టాల కింది చేవ

తాల్‌బగీచా అంటే తాటితోట. ఖరగ్‌పూర్‌లో మా పేటకు పేరిచ్చింది తాటిచెట్టే కానీ, ఈ ఊరి బరువు మోసిన చెట్టు వేరే ఉంది. అది సాలు. రాముడు తన బలం చూపడానికి సుగ్రీవుడి ఎదుట ఒక్క బాణంతో ఏడు చెట్లు భేదించిన కథ మనందరికీ తెలుసు. వాల్మీకి వాటిని సాలవృక్షాలన్నాడు. తర్వాతి కథల్లో చాలాచోట్ల అవి తాళవృక్షాలయ్యాయి. మా ఊళ్లోనూ అదే జరిగింది. పేరు తాటికి దక్కింది, పని సాలు చేసింది. నూట పాతికేళ్లు వెనక్కి తిరిగి చూస్తే ఆ పని ఎంతటిదో తెలుస్తుంది.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది కొత్త చెట్టు కాదు. మనం గుగ్గిలం చెట్టు అనేది దీన్నే. బెరడుకు గాటు పెడితే ఊరే బంకే గుగ్గిలం. నిప్పుల మీద వేస్తే ఇల్లంతా పొగ కమ్ముతుంది, కరిగించి పూస్తే పడవ పలకల సందులు పూడుతాయి. వైద్యులు వాడే గుగ్గులు వేరే మొక్కది. హిమాలయాల పాదాల దగ్గర మొదలయ్యే సాలు అడవులు బెంగాల్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా దిగి వచ్చి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కొండల్లో ఆగిపోతాయి. దక్షిణాన దీని పొలిమేర అదే. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది కదిలి వచ్చింది కూడా ఆ జిల్లాల నుంచే. వాళ్ల కంటే నూరేళ్ల ముందే ఈ దారిన ఒక వృక్షశాస్త్రవేత్త నడిచాడు. సామర్లకోటలో మొక్కల తోట పెంచి, కోరమాండల్ తీరపు చెట్టూ చేమా బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాడు. అప్పటి గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ పేరు మీద ఈ చెట్టు జాతికి షోరియా అని పేరు పెట్టింది ఆయనే. రోబస్టా అన్న రెండో పేరుకు బలిష్ఠమైనదని అర్థం.

ఆ బలం ఎక్కడిదో తెలియాలంటే దుంగను అడ్డంగా కోసి చూడాలి. తాటికి చేవ వెలుపలి అంచున ఉంటుంది, నడుమ మెత్తని పీచు. సాలుకు చేవ లోపల ఉంటుంది. కోసినప్పుడు లేత గోధుమరంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ ఎర్రబారుతుంది. నీరు పారిన సన్నని గొట్టాలు చెట్టు ముదిరేకొద్దీ లోపల పెరిగిన పొరలతో మూసుకుపోతాయి. వాటి మధ్య బంక నిండిన కాలువలు తెల్లటి వలయాలుగా కనిపిస్తాయి. నీళ్లు చొరవు కాబట్టి చేవ త్వరగా కుళ్లదు, చెదలు కూడా దాని జోలికి సులువుగా రావు. పైనున్న తెల్లచెక్కకు ఈ రక్షణ లేదు, దాన్ని పురుగు ఇట్టే తింటుంది. బాగా ఆరిన సాలు ఘనపు మీటరుకు సుమారు 800 నుంచి 900 కిలోలు తూగుతుంది. టేకు 650 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నూరేళ్లు నిలబడి, నూరేళ్లు పడి ఉండి, నూరేళ్లకు గానీ చీకదని ఉత్తరాది వాళ్లు చెప్పుకునే మాట లెక్కకు నిలవకపోవచ్చు, నమ్మకానికి నిలిచింది.

అయితే వడ్రంగికి ఇది సులువుగా లొంగే కర్ర కాదు. దీని నార ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు మెలిపడి ఉంటుంది. చిత్రిక పడితే ఒకవైపు నునుపుగా వస్తుంది, ఇంకోవైపు నార లేస్తుంది. పచ్చి మీద కోయడం తేలిక, ఎండాక రంపం పళ్లు మొద్దుబారతాయి. మేకు కొట్టాలంటే ముందు బరమాతో బెజ్జం వెయ్యాలి. ఎండలో తొందరపెట్టి ఆరబెడితే పైపొర బీటలు వారుతుంది. నీడపట్టున, చెక్కకూ చెక్కకూ మధ్య గాలి ఆడేలా పేర్చి, నెలల తరబడి ఓపిక పట్టాలి. అందుకే నగిషీ చెక్కే పనికీ, నాజూకు బల్లలకూ టేకును, రోజ్‌వుడ్‌ను వెతుక్కున్నారు. సాలును బరువు పడే చోట పెట్టారు. ఇంటికి దూలాలు, ద్వారబంధాలు, బండి చక్రాలు, వంతెన కంబాలు, గనుల్లో కప్పుకు ఆనించే గుంజలు, గూడ్సు బండి అడుగు పలకలు. వడ్రంగిని విసిగించిన ఆ మెలిక నారే పట్టాల మేకును పట్టి ఉంచింది, దెబ్బకు చెక్క చీలకుండా కాపాడింది.

ఈ గుణమే అడవి మీదికి గొడ్డలి తెచ్చింది. 1853లో తొలి ప్రయాణికుల రైలు నడిచాక దేశంలో చెక్క ఆకలి పెరిగింది. పట్టాల కింద అడ్డంగా పరిచే బ్రాడ్‌గేజ్ స్లీపరు తొమ్మిది అడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల మందం. సాలుదైతే ఒక్కొక్కటి 75 కిలోల దాకా తూగుతుంది. కిలోమీటరుకు అలాంటివి దాదాపు 1500 కావాలి. మందు పట్టించకుండానే పట్టాల కింద నిలిచే కర్రలు దేశంలో కొద్ది. టేకు, దేవదారు, సాలు వాటిలో ముఖ్యమైనవి. 1864లో అటవీ శాఖ పుట్టింది, డీట్రిచ్ బ్రాండిస్ దానికి పెద్ద అయ్యాడు. 1878 అటవీ చట్టంతో అడవులు సర్కారు లెక్కల్లోకి ఎక్కాయి, తరతరాలుగా అక్కడ బతికినవాళ్లు తమ అడవికే పరాయివాళ్లయ్యారు.

మిడ్నాపూర్ పడమటి భాగం ఒకప్పటి జంగల్ మహల్. పేరులోనే అడవి ఉంది. ఎర్రటి గరపనేల మీద కనుచూపు మేర సాలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం ముగిసేలోగా ఇక్కడికి చేరింది. ఖరగ్‌పూర్ జంక్షన్ అయింది, దాని పక్కనే వర్క్‌షాప్ లేచింది. అంతకుముందు దూరం వల్ల బతికిపోయిన అడవికి ఒక్కసారిగా మార్కెట్ దొరికింది. జమీందార్ల చేతుల్లోని అడవులు కాంట్రాక్టర్లకు పోయాయి. పెద్ద మాను పోయిన చోట మోడు మళ్లీ చిగిర్చేది. ఆ చిగురు గుంజ లావెక్కగానే దాన్నీ నరికేవారు. మానుల అడవి గుంజల అడవిగా మారింది.

అదే కాలంలో వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను కూడా బెంగాల్ నాగపూర్ కంపెనీ కిందికి వచ్చింది. ఆ పట్టాల మీదుగానే మనవాళ్లు వచ్చారు. గ్యాంగుల్లో, షెడ్లలో, వర్క్‌షాపులో చేరారు. సాలు స్లీపరును భుజాన మోసి, దాని కింద కంకర కూరి, మేకు బిగించిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. తర్వాత బడులు, గుళ్లు, సంఘాలు కట్టుకున్నారు. బజారులో మన మాట వినిపించే బెంగాల్ ఊరుగా దీన్ని నిలిపారు.

1927లో వర్క్‌షాపులో మనుషుల్ని తగ్గించే ప్రయత్నం మొదలయ్యేసరికి ఈ మోసే చేతులు సమ్మెకు దిగాయి. ఆ సమ్మె కార్మికోద్యమ చరిత్రలో పెద్ద పేజీ. దాని ముందువరసలో నిలిచిన వారిలో బరంపురం తెలుగు ఇంట పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆ పోరాటం అడిగిన ప్రశ్న నాకు ఈ చెట్టు కథలోనూ వినిపిస్తుంది. బరువు మోసినవాడికి వాటా ఏది?

అడవి తరఫున ఆ ప్రశ్నకు జవాబు 45 ఏళ్ల తర్వాత, ఇదే జిల్లాలో దొరికింది. మిడ్నాపూర్‌కు ఉత్తరాన అరాబరి దగ్గర సాలు అడవి మోడులు మాత్రం మిగిలిన స్థితికి వచ్చింది. 1972 ప్రాంతంలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి కావలి పెంచే బదులు ఊళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడారు. 1,272 హెక్టార్ల అడవి, 11 ఊళ్లు, 618 కుటుంబాలు. మీరు కాపాడండి, పని ఇస్తాం, కలప అమ్మితే నికరాదాయంలో నాలుగో వంతు మీది అన్నారు. అడవికి కొత్తగా మొక్క నాటాల్సిన అవసరం పెద్దగా లేదు. సాలు మోడు కింద వేరు బతికే ఉంటుంది, నరకకుండా, మేపకుండా వదిలితే చాలు. పదేళ్లు దాటేసరికి అరాబరి మళ్లీ అడవైంది. 1989లో పశ్చిమ బెంగాల్ ఈ పద్ధతికి ప్రభుత్వ ఉత్తర్వు ఇచ్చింది. 1990లో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ సూచించింది. తెలుగునాట వన సంరక్షణ సమితులకు మూలం వెతికితే మా జిల్లా సాలు మోడు దగ్గరికే చేరాలి.

ఇక పట్టాల కింద సాలు రోజులు ముగిశాయి. 1980ల నుంచి కాంక్రీటు స్లీపర్లు వరసగా దాని చోటు తీసుకున్నాయి. వంతెనల మీదా, పట్టాలు విడిపోయే చోటా కొంతకాలం నిలిచిన చెక్క అక్కడి నుంచీ జరిగిపోయింది. వేలంలో కొన్న పాత స్లీపర్లు గేట్లుగా, బెంచీలుగా, గుమ్మం ముందు మెట్లుగా మారాయి. బెజ్జాల చుట్టూ తుప్పు మరక ఉన్నా, పైపొర చెక్కేస్తే లోపల ఆ ఎరుపు అలాగే ఉంటుంది.

ఈ చెట్టు నుంచి మనం దూలాలు తీసుకున్నాం, స్లీపర్లు తీసుకున్నాం, గుగ్గిలం, విస్తరాకులు, గింజల నూనె తీసుకున్నాం. తిరిగి ఇవ్వాల్సిన వాటా ఏమిటో అది ఏటా జూన్‌లో అడుగుతుంది. తొలకరికి ముందు ఐదు రెక్కల సాలు గింజలు గాలిలో గిర్రున తిరుగుతూ రాలుతాయి. వాటి ప్రాణం దాదాపు వారం రోజులు. ఆ వారంలో ఒక వాన పడాలి. అడవి నేలను ఎవరూ కాల్చి ఉండకూడదు. వాన మన చేతిలో లేదు. రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.