రంగం నుంచి నడిచినవారు: 1942 బర్మా నిష్క్రమణలో తెలుగు కూలీలు, పరిశోధనలో వారి చోటు

1942 తొలి నెలల నుంచి వానలు ముదిరే దాకా బర్మా నుంచి భారతదేశం వైపు నడిచిన భారతీయులు 4 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. దారిలో చనిపోయినవారి లెక్క ఒకచోట నిలవదు. 10 వేలని రాసినవారున్నారు, 50 వేలని రాసినవారున్నారు, ఇంకా ఎక్కువని వాదించినవారూ ఉన్నారు. ఒక సంఘటనలో మృతుల అంచనా ఐదింతలు అటూ ఇటూ ఊగుతోందంటే ఆ మృతులను లెక్కపెట్టే పని ఎవరి మీదా పడలేదన్నమాట. వీరిలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వీరు మన చరిత్రలో ఇంత పలచగా ఎందుకు కనిపిస్తారన్నది ఈ వ్యాసం ప్రశ్న. ఆధారాల కొరత ఒక కారణం, నిజమే. అంతకంటే పెద్ద కారణం విద్యారంగం పని పంచుకున్న తీరులో ఉందని నా వాదన. వలస కూలీని ఒక శాస్త్రం చదువుతుంది, శరణార్థిని మరో శాస్త్రం చదువుతుంది. రంగం (రంగూన్) కూలీ ఆ రెండింటికీ మధ్య జారిపోయాడు.

ముందు రంగం సంగతి. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూన్ నగర జనాభా 4,00,415 అయితే అందులో 2,12,929 మంది భారతీయులే. నగరంలో సగానికి పైగా మనవాళ్ళేనన్నమాట. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి, రేవు కూలీలుగా, బియ్యం మిల్లు కూలీలుగా, రిక్షా లాగేవారిగా, పురపాలక సంఘం పాకీపనివారిగా చేరిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనేవారు. ఊళ్ళో కోతలయ్యాక వెళ్ళడం, రెండు మూడేళ్ళు చాకిరీ చేసి తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం అలవాటైన దారి. నడిపించేవాడు మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చేది అతడే, స్టీమరు టిక్కెట్టు కొనేది అతడే, రంగంలో గంపకింత, బస్తాకింత చొప్పున కూలి అందుకుని తన భాగం కోసుకుని మిగతాది పంచేది కూడా అతడే. 1933లో వెలువడిన ఇ.జె.ఎల్. ఆండ్రూ పుస్తకం రంగూన్ భారతీయ కూలీల మీద వచ్చిన ముఖ్యమైన అధ్యయనం. ఒక్కో గదిలో ఎంతమందిని కుక్కేవారో, మేస్త్రీ కింద కూలి ఎన్ని చేతులు మారి ఎలా చిక్కిపోయేదో అందులో చదవవచ్చు.

ఈ కూలీల మీద కోపం 1942లో కొత్తగా పుట్టింది కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల సరుకు ఎత్తి దించే స్టీవెడోర్ కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నాయి. ఆ రేవు గొడవ రోజుల తరబడి నగరమంతా నెత్తురు పారించింది. చనిపోయిన భారతీయుల్లో తెలుగు కూలీలే ఎక్కువ. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941లో భారతీయుల రాకకు కళ్ళెం వేసే ఒప్పందం కుదిరింది. ప్రాణభయంతో పారిపోయిన 1942 మనిషికి పన్నెండేళ్ళ వెనకటి నుంచే ఆ నగరంలో నిలువ నీడ తరుగుతూ వచ్చిందని గుర్తించాలి. జపాన్ బాంబులతో కథ మొదలుపెట్టే రచనలన్నీ ఈ పూర్వరంగాన్ని కోసేస్తున్నాయి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద తొలి బాంబులు పడ్డాయి, 25న మళ్ళీ పడ్డాయి. రేవు కూలీలు, పాకీపనివారు ఉత్తరాన ప్రోమ్ పట్టణానికి వెళ్ళే రోడ్డు పట్టారు. వారు లేకపోతే సరుకు దిగదు, వీధుల్లో మలం ఎత్తేవారుండరు, శవాలను తీసేవారుండరు. అందుకని ప్రభుత్వం దారిలో వారిని ఆపి, నచ్చజెప్పి, చాలామందిని వెనక్కి తెచ్చింది. ఈ ఒక్క ఘట్టం మీద ఎంత రాసినా తక్కువే అనిపిస్తుంది నాకు. అదే నగరంలో అదే ప్రాణభయం ఉన్న యూరోపియన్ కుటుంబాల విషయంలో ప్రశ్న వారిని ఎలా దాటించాలన్నది. కూలీల విషయంలో ప్రశ్న వారిని ఎలా ఆపాలన్నది. పారిపోయే హక్కు కూడా చేసే పనిని బట్టి ఉంటుందన్న సత్యం ఇక్కడ బట్టబయలైంది. అలా తిరిగొచ్చినవారు 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమయ్యేలోపు మళ్ళీ అదే రోడ్డు మీదికి వచ్చారు. అప్పటికి ప్రోమ్‌లో కలరా మొదలైంది.

ప్రోమ్ దగ్గర ఇరావతి దాటి, వంద మైళ్ళకు పైగా కొండదారిన తౌంగుప్ చేరి, అక్కణ్ణుంచి పడవల్లో అక్యాబ్, ఆపైన చిట్టగాంగ్. ఇది అరకాన్ దారి. పేదలు ముందుగా పట్టింది దీన్నే. దారిలో నీళ్ళు లేవు, శిబిరాలు దాదాపు లేవు. తరవాతి నెలల్లో తెరుచుకున్న తమూ–పాలేల్–ఇంఫాల్–దిమాపూర్ దారిలో భారతీయ టీ సంఘం శిబిరాలు నడిపింది. ఆ సేవ మీద జాఫ్రీ టైసన్ 1945లో పుస్తకమే రాశాడు. ఉత్తరాన చౌకాన్ కనుమలో చిక్కుకున్నవారిని ఏనుగులతో కాపాడిన గైల్స్ మాక్రెల్ డైరీలు, చిత్రాలు కేంబ్రిడ్జ్‌లో భద్రంగా ఉన్నాయి. అతడు కాపాడినవారిలో భారతీయ సైనికులు కూడా ఉన్నారు, ఆ సాహసాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ కొన్ని వందలమంది నడిచిన చౌకాన్‌కు డైరీ, ఫిల్ము ఉన్నాయి. లక్షకు పైగా నడిచిన తౌంగుప్‌కు అటువంటిదేదీ లేదు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అన్న ఆరోపణ ఆనాడే దేశమంతా మోగింది. గాంధీ హరిజన్ పత్రికలో ఆ వివక్షను ఎత్తిచూపారు. దారుల్లో ఉన్న ఆ తేడానే తరవాత భాండాగారాల్లోకి కూడా నడిచొచ్చింది.

ఇక పరిశోధకుల సంగతి. హ్యూ టింకర్ 1974లో భారతీయ ఒప్పంద కూలీల మీద ‘ఎ న్యూ సిస్టమ్ ఆఫ్ స్లేవరీ’ ప్రచురించారు. మరుసటి ఏడాదే బర్మా నడక మీద ‘ఎ ఫర్‌గాటెన్ లాంగ్ మార్చ్’ అనే వ్యాసం రాశారు. రెండూ ఒకే మనిషి రాసినా తరవాతి పాఠకులు వాటిని వేరువేరు అలమరల్లో పెట్టారు. మొదటిది కూలీ చరిత్రకు, రెండోది యుద్ధ చరిత్రకు పోయింది. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో బార్బరా హారెల్-బాండ్ శరణార్థుల అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పారు, 1988లో ఆ అధ్యయనాలకు సొంత పత్రిక వచ్చింది. కొత్త శాస్త్రం తన పరిధిని 1951 శరణార్థుల ఒడంబడిక చుట్టూ గీసుకుంది. ఆ గీత లోపలికి 1942 రంగం కూలీ రాడు. అతడు బ్రిటిష్ ప్రజ. బ్రిటిష్ ఏలుబడిలోని ఒకచోటు నుంచి మరోచోటుకు నడిచాడు. కాగితాల్లో అతడు ఇవాక్యుయీ (చోటు ఖాళీ చేసి వచ్చినవాడు), అంతే. బి.ఎస్. చిమ్ని 1998లో శరణార్థి అధ్యయనాలు ఉత్తర దేశాల అవసరాలను బట్టి ఎలా రూపుదిద్దుకున్నాయో చూపించారు. ఆ విమర్శకు మన బర్మా నడక మరో బలమైన సాక్ష్యం.

వలస చరిత్ర వైపు నుంచి మంచి పని జరిగింది. అడపా సత్యనారాయణ 2001లో ‘బర్డ్స్ ఆఫ్ పాసేజ్’ పేరుతో దక్షిణ భారత కూలీల ఆగ్నేయాసియా వలసలను పరిశీలించారు. సునీల్ అమృత్ 2013 గ్రంథం బంగాళాఖాతం రెండు ఒడ్లను ఒకే చరిత్రగా చూపింది. ఆ ఒకే చరిత్ర అన్న చూపును ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళాలి. మేస్త్రీ ఇచ్చిన బయానా బాంబులతో రద్దు కాలేదు. నడిచొచ్చినవాడు ఊరు చేరేసరికి రంగం సంపాదన పోయింది, ఇంటిమీది అప్పు మిగిలింది. బర్మా బియ్యం రాక ఆగిపోయి ధరలు పెరుగుతున్న రోజులవి. కాబట్టి అతడి శరణార్థి అనుభవం చిట్టగాంగ్‌లో ముగియదు, గంజాం, విశాఖ జిల్లాల వడ్డీ లెక్కల్లో కొనసాగుతుంది. దీన్ని వలస అని ఒకరు, బలవంతపు స్థానచలనం అని ఇంకొకరు పంచుకుంటే ఆ కుటుంబం కథ ఎవరికీ పూర్తిగా అందదు.

జ్ఞాపకాల సేకరణలోనూ ఈ విభజన చిక్కులు తెస్తోంది. 1962 తరవాత బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసి, 1964లో పెద్ద నోట్లను రద్దు చేసినప్పుడు మరో పెద్ద గుంపు తిరిగొచ్చింది. వారికి కాందిశీకులన్న ప్రభుత్వ గుర్తింపు, పునరావాసం, 1969లో రెప్కో బ్యాంకు దక్కాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. సహజంగానే పరిశోధకుడు రికార్డరు పట్టుకుని అక్కడికే వెళ్తాడు. అలా వెళితే 1964 స్వరమే ఎక్కువ వినబడుతుంది. 1942లో నడిచినవారికి కాలనీ లేదు, కార్డు లేదు. వచ్చినవారు ఊళ్ళలో కలిసిపోయారు. పేరున్న చోటే వెతికే అలవాటు వదులుకోకపోతే వారు దొరకరు. ఇప్పుడు నడిచినవారు దాదాపు లేరు, వారి పిల్లలు ముసలివారయ్యారు. వారిని అడిగే ప్రశ్నల్లో కొండదారి, శవాలు, కలరాయే ఉంటే మన ప్రబంధానికి కావలసిన దుఃఖం మాత్రం దొరుకుతుంది. తిరిగొచ్చాక ఎవరి పొలంలో కూలికి కుదిరారు, మళ్ళీ ఎక్కడికి వలస వెళ్ళారు, మేస్త్రీతో లెక్క ఎలా తేలింది అని కూడా అడగాలి. ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం చెప్పేవారిదే కావాలి. సేకరించిన మాట అచ్చుకు వెళ్ళేముందు ఆ ఇంట్లో చదివి వినిపించాలి.

అన్నింటికంటే పలచన ఆడవారి చరిత్ర. రంగం వెళ్ళిన తెలుగువారిలో మగవారే బాగా ఎక్కువ. అంటే ఈ సంఘటనలో సగం ఊళ్ళలో జరిగింది. ఉత్తరం రాక, మనియార్డరు రాక, మనిషి ఉన్నాడో లేడో తెలియక ఎదురుచూసిన ఇళ్ళు శరణార్థి అధ్యయనాల్లో కనబడవు, వారు ఎక్కడికీ కదలలేదు కనుక. వారిని వెతకడానికి నాకు తోచిన చోటు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలు. 1941 నుంచి 1945 దాకా సోంపేట, టెక్కలి, నరసన్నపేట, భీమునిపట్నం ప్రాంతాల తాకట్టు, అమ్మకపు దస్తావేజులను వరుసగా చదవాలి. రంగంలో ఉన్న భర్త తరఫున భార్య, కొడుకు తరఫున తల్లి వేలిముద్ర వేసినవి విడిగా తీయాలి. భర్త ఉన్నాడని రాసిన దస్తావేజు ఏ నెలతో ఆగింది, వితంతువని రాసినది ఏ నెలలో మొదలైంది, ఆ ముద్ర పడేనాటికి ఎంత భూమి మిగిలింది అన్నవి గుమాస్తా చేత్తో రాసిన ఆ కాగితాల్లో కొంతైనా దొరకవచ్చు. మృతుల లెక్కను 10 వేలకూ 50 వేలకూ మధ్య గాలిలో వదిలేయకుండా ఊరి వైపు నుంచి కట్టుకుంటూ రావాలంటే పని అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.