స్థిరత్వ వర్ణపటం

కాలంతో మారే గుణకాలున్న సరళ అవకలన సమీకరణాల పరిష్కారాలు దీర్ఘకాలంలో ఏయే రేట్లతో పెరుగుతాయో, తరుగుతాయో చెప్పే సంఖ్యల సమితి స్థిరత్వ వర్ణపటం. గుణకాలు మారకపోతే మాత్రిక ఐగెన్ విలువల వాస్తవ భాగాలే జవాబు. మారుతుంటే అవి దారి తప్పిస్తాయి.

1960లో మార్కస్, యమాబే ఇచ్చిన ఉదాహరణ చూడాలి. వారి 2×2 మాత్రికకు ఏ క్షణంలోనైనా ఐగెన్ విలువల వాస్తవ భాగం −1/4. పరిష్కారాలన్నీ సున్నాకు చేరతాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఒకటి 1/2 రేటుతో ఘాతీయంగా పెరిగిపోతుంది! అసలు రేట్లు 1/2, −1.

ఈ రేట్లను నిర్వచించినది రష్యన్ గణితవేత్త ల్యాపునోవ్, 1892 నాటి తన సిద్ధాంత గ్రంథంలో. 1978లో సాకర్, సెల్ విడి సంఖ్యలకు బదులు అంతరాలతో కూడిన వర్ణపటాన్ని ప్రతిపాదించారు.

లెక్కలో అసలు చిక్కు వేరే ఉంది. సమీకరణాన్ని నేరుగా సాధిస్తూ పోతే సదిశలన్నీ అత్యంత వేగంగా పెరిగే దిశకే ఒరిగిపోతాయి. మిగతా రేట్ల సమాచారం కంప్యూటర్ సవరణ దోషాల్లో కలిసిపోతుంది. అందుకే కొద్ది కాలానికోసారి సదిశలను మళ్లీ పరస్పరం లంబంగా నిలబెడతారు. ఇదే క్యూఆర్ పద్ధతి. ప్రతిసారీ వచ్చే త్రిభుజ మాత్రికలోని వికర్ణ పదాల సంవర్గమానాలను కూడి, మొత్తం కాలంతో భాగిస్తే రేట్లు తేలతాయి. సరళమైన ఆలోచనే, కానీ ఎంతో శక్తిమంతం.

1963 నాటి లోరెంజ్ వ్యవస్థ సరళం కాదు; పరామితులకు 10, 28, 8/3 అనే ప్రసిద్ధ విలువలు తీసుకుని, దాన్ని పరిష్కార పథం వెంట సరళీకరిస్తే ఇలా వచ్చే రేట్లు సుమారు 0.906, 0, −14.572. వాటి మొత్తం కచ్చితంగా −41/3 కావాలి; లెక్క సరిచూసుకోవడానికి ఇదే మొదటి పరీక్ష.