తెరమీద మనవాళ్లు

సినిమా కాలక్షేపానికే గదా, సావనీరులో దాని మీద వ్యాసమెందుకు అని కొందరు పెద్దలు అనవచ్చు. అయితే మనల్ని ఎరగని పొరుగువాడు మన గుమ్మం తొక్కకముందే మనల్ని తెరమీద చూసి ఉంటాడు. మనకు ఇల్లు అద్దెకివ్వాలా వద్దా అన్నది చాలాసార్లు అక్కడే తేల్చుకుంటాడు. కనుక ఈ చరిత్రను ఒకసారి తిరగవేయడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఒకప్పుడు హిందీలో 'ముస్లిం సోషల్' అనే తరహా చిత్రాలుండేవి. 1960లో 'చౌద్వీ కా చాంద్', 1963లో 'మేరే మెహబూబ్', 1972లో 'పాకీజా' అలాంటివే. నవాబులు, ముషాయిరాలు, షేర్వాణీలు, పరదాలు! చూడముచ్చటే గాని, బస్సు కోసం నిలబడే గుమాస్తాకు, సైకిల్ షాపు కుర్రవానికి అందులో చోటు లేదు. 1973లో ఎం.ఎస్. సత్యు తీసిన 'గరం హవా' ఆ లోటు కొంత తీర్చింది. దేశవిభజన తరువాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసుకునే సలీం మీర్జాగా బల్‌రాజ్ సాహ్నీ నటించారు. ఒక్క కుటుంబంలోనే పాకిస్తాన్ వెళ్లిపోయేవారు, ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు, పుట్టిల్లులా ప్రేమించిన ఇల్లు విడవలేని ముసలితల్లి, ఇందరు కనిపిస్తారు. ముసల్మానులందరూ ఒకే మాదిరి ఉండరని ఆ చిత్రం వాదించలేదు, చూపించింది.

తరువాత కాలం మారింది. నవాబు పోయి తుపాకివాడు వచ్చాడు. ఈ సందర్భంలో చెప్పుకోదగినది 2005 నాటి 'కవీటే'. ఫిలిప్పీన్ మూలాలుగల ఇద్దరు అమెరికా యువకులు, ఇయాన్ గమజాన్, నీల్ డెలా లానా, ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా అతి స్వల్ప ఖర్చుతో తీశారు. గమజానే కథానాయకుడు కూడా. తండ్రి అంత్యక్రియలకు ఫిలిప్పీన్స్‌లో దిగిన ముస్లిం యువకుని చేతికి ఒక ఫోన్ వస్తుంది. 'నీవాళ్లు మా దగ్గరున్నారు, చెప్పినట్టు చెయ్యి' అని దాని సారాంశం. ఇక మిగిలిన భయమంతా ఆ ఒక్కని మనసులోనే నడుస్తుంది.

దాదాపు ఇదే చట్రంలో 2008 జూన్‌లో హిందీ 'ఆమిర్' వచ్చింది. దర్శకుడు రాజ్‌కుమార్ గుప్తాకు, హీరో రాజీవ్ ఖండేల్వాల్‌కు ఇద్దరికీ అదే మొదటి చిత్రం. లండన్ నుంచి ముంబైలో దిగిన డాక్టర్ ఆమిర్ అలీకి విమానాశ్రయంలోనే పేరు చూసి అనుమానపు ప్రశ్నలు ఎదురవుతాయి. బాంబు బస్సులో వదలమని ఫోన్‌లో ఆజ్ఞ. చివరకు అతడు దాన్ని జనానికి దూరంగా మోసుకుపోయి ప్రాణమిస్తాడు.

ఈ చిత్రాన్ని మేము మెచ్చుకుంటాము. కాని ఒక సంగతి విస్మరించరాదు. హీరో మంచివాడే. అతడు నడిచే మొహల్లా మాటేమిటి? అక్కడ ఎదురైన ప్రతి కన్ను కుట్రదారుని కన్నులాగే కనిపిస్తుంది. ఒక్కణ్ణి నిర్దోషిగా నిలబెట్టి గల్లీనంతా ముద్దాయిగా చూపితే అది ప్రాతినిధ్యం ఎలా అవుతుంది?

ఇది మన హైదరాబాదుకు దూరపు ప్రశ్న కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వచ్చినవారే చనిపోయారు. ఆ తరువాత పట్టుకుపోయినవారిలోనూ ఎందరో మన యువకులే. వారిలో పలువురిని పిమ్మట కోర్టులు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. కాని గల్లీ మీద పడిన అనుమానానికి తీర్పు చెప్పే కోర్టు ఏదీ లేదు. అది జనం మనసుల్లో ఉంటుంది, ఆ మనసుల్ని తయారుచేసే వాటిలో సినిమా ఒకటి.

మన తెలుగు తెరమీద ముసల్మాను వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించడం చాలాకాలంగా చూస్తున్నాం. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి గదా! టీచరమ్మ, లారీ డ్రైవరు, నర్సు, రైతు, వీరంతా మనవాళ్లే.

మంచి ముసల్మానును చూపండని మేము అడగడం లేదు. రకరకాల ముసల్మానుల్ని చూపమంటున్నాం. ఇతరులు చూపేదాకా కూర్చోవడమూ తగదు. ఇద్దరు కుర్రవాళ్లు కొద్దిపాటి డబ్బుతో 'కవీటే' తీయగలిగినప్పుడు, మన పిల్లల్లో ఎవరైనా కెమెరా పట్టుకుంటానంటే 'అది మనకెందుకురా' అని కసరకండి. మన కథ మనవాడు చెబితే గల్లీలో మనుషులు కనిపిస్తారు.