గుర్తులకు అందని చేయి

బ్రిటిష్ పుస్తకంలో 'డబుల్ క్రోషె' అంటే ఒక కుట్టు. అదే మాట అమెరికా పుస్తకంలో ఇంకో కుట్టు, దానికంటే పొడవైనది. బ్రిటన్‌వాళ్ల డబుల్‌ని అమెరికాలో సింగిల్ అంటారు. భాష ఇంగ్లీషే, సూదీ అదే. పుస్తకం ఎక్కడిదో చూసుకోకుండా మొదలుపెడితే బల్లగుడ్డ కాస్తా దుప్పటి సైజుకి పోతుంది.

క్రోషె అచ్చులోకి మొదట వచ్చింది మాటలుగానే. 1820ల్లో 'పెనెలోపె' అనే డచ్చి పత్రిక క్రోషె నమూనాలు వేసింది. 1840ల్లో లండన్‌లో ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్దియేర్ వరసగా పుస్తకాలు తెచ్చింది. ఇన్ని గొలుసులు వెయ్యి, ఇన్ని వదిలెయ్యి, మళ్లీ మొదటికి రా అంటూ సాగే రాతలవి. ఇప్పుడు చదువుతుంటే లూపులు మాత్రమే ఉండి ఇండెంటేషన్ లేని కోడ్‌లా ఉంటాయి. ఒక్క కామా తప్పిందా, వరసంతా పోయినట్టే.

ఈ చిక్కుకి గుర్తులు మంచి జవాబు. గొలుసు కుట్టుకి చిన్న కోడిగుడ్డు ఆకారం, జారుడు కుట్టుకి నల్ల చుక్క. పొడవు కుట్టుకి ఇంగ్లీషు 'టీ' అక్షరం, దాని కాడ మీద అడ్డంగా ఒక గీత. గీత ఒకటైతే దారం సూదికి ఒకసారి చుట్టాలి, రెండైతే రెండుసార్లు. అంటే గుర్తు చూస్తే చేయి ఏం చెయ్యాలో తెలిసిపోతుంది. జపాన్ వాళ్లు వీటిని పారిశ్రామిక ప్రమాణంగానే పెట్టుకున్నారు, ఎల్ 0201 అని. జపనీస్ ఒక్క అక్షరం రాకపోయినా ఆ పుస్తకాలు పెట్టుకుని అల్లేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇంత శుభ్రమైన నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో కూడా అరుదు, నా ఉద్దేశంలో.

అయితే లేసు చరిత్రలో ఎక్కువ భాగం అసలు కాగితం జోలికే పోలేదు. 1840ల కరువులో ఐర్లండ్ కుటుంబాలు క్రోషె అమ్ముకుని బతికాయి. ఒకరు గులాబీలు, ఇంకొకరు ఆకులు అల్లేవాళ్లు, వాటిని వల మీద కలిపేది వేరొకరు. అదే 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాకి, నరసాపురం చుట్టుపక్కలకి ఈ సూదిని తెచ్చారు. మొదట పేద క్రైస్తవ స్త్రీలు నేర్చుకున్నారు, తర్వాత కాపుల ఇళ్లలోకి కూడా వెళ్లింది. ఇక్కడా పని ముక్కలుగానే సాగింది. పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని ఇంకొకరిది. మొత్తం బల్లగుడ్డ చూసేది మాత్రం ఎగుమతి వ్యాపారి.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో వీళ్ల గురించే రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లని వ్యాపారులు 'ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులు'గా లెక్కేశారని ఆవిడ వాదన. ఖాళీ టైములో చేసే పనికి కూలీ ఏం అడుగుతారు? ఆ ఒక్క మాటతో రేటు ఎంతైనా తగ్గించొచ్చు. తెలుగు నేల గురించి ప్రపంచమంతా చదివిన పుస్తకాల్లో ఇదొకటి. మన సాహిత్య చర్చల్లో దీని పేరు ఎంత తక్కువ వినిపిస్తుందో నాకైతే ఆశ్చర్యమే.

పాలకొల్లు దగ్గర పల్లెలో మా మామ్మ కూడా అలాగే అల్లింది. ఏజెంటు ఒక నమూనా ముక్క, దారం ఉండలు ఇచ్చేవాడట. ఆ ముక్క చూసి కుట్లు లెక్కపెట్టుకుని అల్లడమే. పని అయ్యాక నమూనా వెనక్కి ఇచ్చెయ్యాలి. నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. డిజైన్ ఎప్పుడూ వస్తువుగానే ఉంది, వస్తువు ఎప్పుడూ ఏజెంటుదే. ఆవిడ చేతికి కంఠతా వచ్చిన దానికి కాగితం మీద చోటు లేదు.

ఆవిడ పెట్టెలో మిగిలిన ముక్కలకి ఇప్పుడు టాబ్లెట్ మీద డయాగ్రమ్‌లు గీస్తున్నాను. ఫొటో కింది లేయర్‌లో, గుర్తులు పై లేయర్‌లో. ఎనిమిది రేకుల పువ్వైతే సిమెట్రీ ఆన్ చేసి ఒక్క రేకు గీస్తే చాలు, 45 డిగ్రీలకొకటి చొప్పున మిగతా ఏడూ వచ్చేస్తాయి. కానీ మామ్మ రేకులు ఎనిమిదీ ఒకటి కావు. ఒక పువ్వులో ఏడు రేకులకి ఐదేసి గొలుసులుంటే మూడోదానికి ఆరు ఉన్నాయి. పై వరసలో ఆ రేకు మీదే ఒక కుట్టు తగ్గించి సర్దేసింది. పువ్వు ఎక్కడా ముడుచుకోలేదు. పరధ్యానంలో ఒకటి ఎక్కువ పడి ఉండొచ్చు, దాన్ని విప్పకుండా సర్దడం మాత్రం తెలిసి చేసిన పనే. ముక్కల లెక్కన డబ్బులొచ్చే పనిలో విప్పడమంటే కూలీ పోగొట్టుకోవడం. సిమెట్రీ టూల్ ఇదంతా ఒక్క క్షణంలో తుడిచేస్తుంది. అందుకే ఆ పువ్వు మటుకు సిమెట్రీ లేకుండా, ఎనిమిది రేకులూ విడివిడిగా గీశాను. ఒక సాయంత్రం పట్టింది.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అది ఊరి పేరుని కాపాడుతుంది, ఒక పువ్వు ఎవరిదో చెప్పదు. ఈమధ్య నమూనాలు అమ్మే పీడీఎఫ్‌లన్నిటి మీదా డిజైనర్ పేరు ఉంటుంది. నా ఫైల్లో ఆ చోట ఏజెంటు ముక్క తెచ్చిన సంగతి ఒక లైను, దాని కింద మామ్మ పేరు, పక్కన 'మూడో రేకు' అని రాశాను.