ఎర్ర గులాబీలు మళ్లీ చూశాను

రాముడి పేరున్న ఊరే అయినా మా రామతీర్థంలో పెద్ద తీర్థం శివరాత్రికే. చుట్టుపక్కల ఊళ్లన్నీ బోడికొండ కిందకి దిగిపోతాయి. కోవెల చుట్టూ జీళ్లు, ఖర్జూరం, గాజుల కొట్లు, రంగులరాట్నం. రాత్రంతా జాగారం. నా చిన్నప్పుడు, అంటే 1990 ప్రాంతంలో, ఆ జాగారం సగం దేవుడిది, సగం వీసీఆర్‌ది. వీధిలో చందాలేసుకుని విజయనగరం నుంచి కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చేవారు. మొదటి క్యాసెట్టు భక్తి సినిమా, అది పుణ్యానికి. రెండోది చిరంజీవిది, అది కుర్రాళ్లకి. మూడోది పెట్టేసరికి రాత్రి రెండు దాటిపోయేది. పిల్లలు ఈపాటికి నిద్రపోయి ఉంటార్లే అన్న ధీమాతో చేతికి అందింది పెట్టేసేవారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, నాకు నిద్ర పట్టలేదు. ఆ మూడో క్యాసెట్టు ‘ఎర్ర గులాబీలు’.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. దిలీప్ అనే అందగాడు, డబ్బున్నవాడు. ఆడవాళ్లని మాటలతో మురిపించి ఇంటికి తెచ్చి, చంపి, తోటలో గులాబీ మొక్కల కింద పూడ్చేస్తుంటాడు. బట్టల షాపులో పనిచేసే శారదని చూసి మనసు పడతాడు. పెళ్లి చేసుకుంటే తప్ప కుదరదంటుంది ఆ పిల్ల. సరేనని చేసుకుంటాడు. ఆ పెద్ద ఇంట్లో కొత్త పెళ్లికూతురు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక గదిలోకి వెళ్తుంది. గోడమీద అతని కథంతా రాసి ఉంటుంది. ఇక అక్కణ్నుంచి ఆ పిల్ల పరుగే పరుగు. దిలీప్ కమల్‌హాసన్, శారద శ్రీదేవి.

అందులో ఒక నల్లపిల్లి కూడా ఉంటుంది. నన్ను చంపేసింది ఆ పిల్లే. మా పెరట్లో మామ్మ పెంచుకునే నాటు గులాబీ ఒకటుండేది, దానికి నీళ్లు పొయ్యడం నా పని. శివరాత్రి వెళ్లాక నేను పెరట్లో కాలు పెట్టలేదు. “ఈ గుంటకేటయిందర్రా, మొక్క ఎండిపోతంది” అని మామ్మ ఒకటే సణుగుడు. దుర్గకొండ గుహలో పాతకాలం నాటి జైన విగ్రహాలున్నాయి, సెలవుల్లో పిల్లలం గుంపుగా వెళ్లి చూసొచ్చేవాళ్లం. ఆ ఏడు నేను కొండ మొదట్లోనే కూర్చుండిపోయాను. గుహలో చీకట్లో దిలీప్ ఉంటాడని ఎవరికి చెప్తాను!

నా భయం ఎండాకాలం వెళ్లేసరికి పోయింది. మా అప్ప విషయంలో మాత్రం ఆ సినిమా చాలా కాలం ఆడింది.

అప్ప అంటే మా పెదనాన్న కూతురు. అప్పటికి పందొమ్మిదేళ్లు, ఇంటర్ పాసై ఇంట్లో ఉంది. లెక్కల్లో చురుకు, మాట నెమ్మది. విజయనగరంలో ఒక బట్టల షాపులో సేల్స్ గర్ల్‌గా రమ్మన్నారు. పొద్దున్న బస్సుకి వెళ్లి రాత్రి బస్సుకి వచ్చెయ్యొచ్చు. పెదనాన్న ఊగుతూ ఊగుతూ ఒప్పుకున్నట్టే ఉన్నాడు, శివరాత్రి వెళ్లాక చేరడమే. ఆ రాత్రి అరుగు మీద దుప్పటి కప్పుకుని పెదనాన్న కూడా చూశాడు ఆ సినిమా. తెల్లారి కాఫీ తాగుతూ ఒక్క మాటన్నాడు. “చూసేవు కదమ్మా, షాపుల్లో చేరితే ఎలాటోళ్లు తగుల్తారో.” అంతే. అప్ప మారు మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడాది బొబ్బిలి సంబంధం కుదిరింది.

మొన్న దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఆ సినిమా మళ్లీ పెట్టించుకుని చూశాను. చూసే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తిరగేశాను. బీయే తెలుగు చదివిన అలవాటు, మూలం తెలియందే ఏదీ చదవబుద్ధి కాదు.

మూలం తమిళం. ‘సిగప్పు రోజాక్కళ్’, 1978 అక్టోబరులో వచ్చింది. తీసినాయన భారతీరాజా. అంతకుముందు ఆయన తీసిన రెండూ పల్లెటూరి కథలే. అందులో మొదటిదాన్నే మనవాళ్లు ‘పదహారేళ్ల వయసు’గా తీశారు. మూడో సినిమాకి ఆయన పొలాలూ గట్లూ వదిలేసి పట్నం మేడలోకి వచ్చాడు, సంగీతానికి ఇళయరాజాని మాత్రం వదల్లేదు. తెలుగులో 1979లో ‘ఎర్ర గులాబీలు’గా డబ్ అయింది. 1980లో భారతీరాజాయే హిందీలో రాజేష్ ఖన్నాతో ‘రెడ్ రోజ్’ తీశాడు, అది ఆడలేదు. ప్రేమించడం తప్ప ఇంకేం చెయ్యడనుకున్న రాజేష్ ఖన్నా చేతిలో కత్తి చూడలేకపోయారేమో జనం.

మరి మనం కమల్‌హాసన్ చేతిలో ఎలా చూశాం? ఇది నాకు భలే చిత్రంగా తోస్తుంది. 1978లోనే ‘మరో చరిత్ర’ వచ్చింది. విశాఖపట్నం, భీమిలి. మా ఉత్తరాంధ్ర ఆడపిల్లలందరికీ బాలు అంటే ప్రాణం. సముద్రం ఒడ్డున ప్రేమ కోసం ప్రాణమిచ్చిన ఆ కుర్రాడే ఏడాది తిరిగేసరికి ప్రాణాలు తీసేవాడై వచ్చాడు. మా అమ్మ ఈ సినిమాని హాల్లోనే చూసిందట, పెళ్లైన కొత్తలో. “బాలూయే కదా అనుకుని ఎల్లేం” అంటుంది ఇప్పటికీ. దిలీప్ చేతికి దొరికిన ఆడవాళ్లు కూడా అలా అనుకునే వెళ్లుంటారు. ముఖంలో రాక్షసుడు కనపడకపోవడమే కదా ఆ సినిమా బలం.

సరిగ్గా ఆ అక్టోబరులోనే అమెరికాలో ‘హాలోవీన్’ విడుదలైంది. ముసుగేసుకుని కత్తి పట్టుకుని ఆడపిల్లల వెంట పడేవాడి కథ. దాని తర్వాత అక్కడ అలాంటి సినిమాలు వరసకట్టాయి. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు లేదు, అయినా మద్రాసులోనూ అమెరికాలోనూ ఒకే నెలలో ఒకే భయం తెర మీదకి వచ్చింది. రెండు చోట్లా ఆడపిల్లలు ఇల్లు దాటి సంపాదనకి బయల్దేరిన కాలం అది. నాకైతే ఈ రెంటికీ సంబంధం లేదంటే నమ్మబుద్ధి కాదు.

బొంబాయిలో 1968లో పట్టుబడిన రామన్ రాఘవ్ అనే హంతకుడి కథే ఈ సినిమాకి ప్రేరణ అంటారు. కానీ రామన్ రాఘవ్ చంపింది ఫుట్‌పాత్‌ల మీదా గుడిసెల్లోనూ నిద్రపోయే బీదవాళ్లని, మగా ఆడా పిల్లా అని చూడకుండా. ఆడవాళ్ల మీద పగ అన్న ముక్క సినిమా కలిపిందే. అనాథ కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక ఇంట్లో పిల్ల అతని మీద అన్యాయంగా నింద వేస్తుంది. తర్వాత ఆశ్రయమిచ్చిన ఇంట్లో ఇల్లాలు మొగుణ్ని మోసం చేస్తుంది, ఆ మొగుడు ఆవిణ్ని చంపేస్తాడు. అది చూసిన కుర్రాణ్ని ఆ మనిషే పెంచుకుంటాడు. అంటే ఇన్ని చావులకీ మూలం ఇద్దరు ఆడవాళ్లని తేల్చేశారన్నమాట! వచ్చి చచ్చిపోయినవాళ్లేమో పిలవగానే వచ్చినవాళ్లు. తాళి కట్టమన్న శారద ఒక్కతే బతికి బయటపడుతుంది. మా పెదనాన్నకి కావలసిన పాఠం అందులో సిద్ధంగానే ఉంది, ఆయన కొత్తగా కల్పించిందేమీ లేదు.

మా మామ్మకి మాత్రం ఈ సినిమా ఏమీ అనిపించలేదట. “మాయల మరాఠీ ముందు ఈడెంత” అనేది. తను చిన్నపిల్లగా చూసిన ‘బాలనాగమ్మ’ గురించి. 1942లో జెమినీవాళ్లు తీశారు, కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మరాఠీ. ఆలోచిస్తే రెండు కథలూ ఒకటే. ఒక మగవాడి కోట, అందులో చిక్కుకున్న ఇల్లాలు, అంతకుముందు అక్కడికి వచ్చిన ఆడవాళ్ల జాడలు. ఫ్రెంచివాళ్లకీ ఇలాంటి కథ ఉంది. నీలిగడ్డం ఉన్న ధనవంతుడు కొత్త పెళ్లాం చేతికి తాళాలిచ్చి, ఆ ఒక్క గదీ తెరవొద్దంటాడు. తెరిస్తే పాత పెళ్లాల శవాలు. 1697లో పెరో అనే ఆయన అచ్చు వేయించాడు. మన జానపద కథల్లో నాలుగో దిక్కుకి వెళ్లొద్దని చెప్పడం లేదూ, అలాంటిదే. వెళ్లొద్దన్న చోటికి వెళ్తేనే కదా నిజం తెలిసేది.

మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. దిలీప్ ప్రాణం గోడమీద రాతల్లో ఉంది. పాత కథలో చిలక మెడ నులిమితే రాక్షసుడు చస్తాడు, ఎవరూ జాలిపడరు. కొత్త కథలో రహస్యం తెలిసేసరికి మనకి రాక్షసుడి మీద జాలి పుడుతుంది. చివర్లో జైల్లో మతి పోయిన దిలీప్‌కి శారద పేరొక్కటే మిగుల్తుంది. ఆ సీనుకి మా వీధి అరుగు మీద ఆడవాళ్లందరూ “పాపం” అన్నారు, నాకు బాగా గుర్తు. గులాబీల కింద ఉన్నవాళ్లకి పాపం అన్నవాళ్లు లేరు. వాళ్ల తల్లుల ముఖాలు తల్చుకుందామన్నా నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఈసారి కూడా.

ఇప్పుడు చూస్తే నల్లపిల్లి పాపం మామూలు పిల్లి. మా అమ్మాయి మధ్యలో సౌండ్ తగ్గించేసి “చూడమ్మా, ఏమైనా భయమేస్తోందా?” అంది. వెయ్యలేదు. ఇళయరాజా లేకపోతే సగం సినిమా లేనట్టే. నాకు ఒళ్లు జలదరించింది వేరే చోట. దిలీప్‌ని పెంచిన ఆ ముసలాయన గదిలో కూర్చుని, హత్యల దృశ్యాలు తెర మీద వేయించుకుని చూస్తుంటాడు. తొమ్మిదేళ్లప్పుడు ఆయన నాకు ఆననే లేదు. చంపేవాడు చంపుతుంటే కుర్చీ వేసుకుని చూసి ఆనందించేవాడు! కమల్‌హాసన్ కంటే ఆయనే ఎక్కువమంది మనకి ఎదురుపడుతుంటారు. ఫోన్లో వచ్చే వీడియోలు ఒకరికొకరు పంపుకునేవాళ్లని తల్చుకోండి.

ఇంకొకటి. శ్రీదేవి పుట్టింది 1963 ఆగస్టులో. అంటే ఆ సినిమా విడుదలయ్యేనాటికి పదిహేనేళ్లు. చీర కట్టించి, జడ వేయించి, కొత్త పెళ్లికూతుర్ని చేసేశారు. చిన్నప్పుడు చూసినప్పుడు నాకు ఆవిడ పెద్దావిడే. ఈసారి చూస్తుంటే టెన్త్ పిల్లలాగే కనపడింది, పరిగెడుతుంటే “ఎవరైనా ఆ పిల్లని పట్టుకోండర్రా” అనబుద్ధేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ 1978లోనే ఆడపిల్ల పెళ్లి వయసు పదిహేను నుంచి పద్దెనిమిదికి పెంచుతూ చట్టం మార్చారు. మా అమ్మ పెళ్లి ఆ మరుసటి ఏడాది అయింది, పదహారో ఏట. చట్టం సంగతి మా ఊరికి తెలిసేసరికి నేను పుట్టేశాను.

ఆ రోజుల్లోనే పేపర్లలో మరో రకం వార్త తరచుగా వచ్చేది. స్టవ్ పేలి నవవధువు మృతి. ఎప్పుడూ కోడలే, ఎప్పుడూ కిరసనాయిలే, ఒక్క అత్తగారి స్టవ్వూ పేలేది కాదు. ఢిల్లీలో, హైదరాబాదులో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చి అడిగితే 1983లో భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింసని నేరం చేస్తూ 498ఏ సెక్షన్ వచ్చింది. వరకట్న చావుల సెక్షన్ 304బీ వచ్చింది 1986లో. మేం జాగారం చేసి ‘ఎర్ర గులాబీలు’ చూసేనాటికి రెండూ పుస్తకాల్లో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వేసే లెక్కల్లో ఇప్పటికీ, ప్రపంచంలో హత్యకి గురైన ఆడవాళ్లలో సగానికి పైగా భర్త చేతిలోనో, ప్రేమించినవాడి చేతిలోనో, ఇంట్లోవాళ్ల చేతిలోనో పోయినవాళ్లే. స్టవ్ వార్తలు చదివి మాత్రం, పెళ్లి చేస్తే ఎలాంటోళ్లు తగుల్తారోనని ఏ పెదనాన్నా సంబంధం ఆపుకోలేదు.

ఇదంతా రాద్దామనుకుని అప్పకి ఫోన్ చేశాను, తన సంగతి రాయొచ్చా అని అడగడానికి. రాసుకోమంది. బావ మంచివాడే, పిల్లలిద్దరూ స్థిరపడ్డారు, ఏ లోటూ లేదు. “ఆ సినిమా నీకు గుర్తుందా అప్పా?” అన్నాను.

“ఎందుకు గుర్తుండదే. నీకన్నా బాగా గుర్తు” అంది. కాసేపు ఆగి, “షాపులో పనిచేసినన్నాళ్లూ ఆ పిల్లకేటయిందే? ఏటీ అవలేదు. పెళ్లి చేసుకుని ఆ ఇంటికెళ్లేకే కదా అయింది. మా నాన్న సినిమా సరిగ్గా సూడనేదు” అని నవ్వింది.

ముప్పై అయిదేళ్లు ఆ మాట దగ్గర పెట్టుకుందన్నమాట. పెదనాన్న పోయి పన్నెండేళ్లయింది, ఆయనకెప్పుడూ అన్నట్టు లేదు.

తర్వాత మా అమ్మాయి గురించి అడిగింది. చదువు అవగానే హైదరాబాదులో చూసుకుంటానంటోందని, హాస్టల్లో ఉంటుందట అని చెప్పాను. జీతం ఎంత ఇస్తారంది, చెప్పాను. అప్పుడు ఉన్నట్టుండి, “ఆ సినిమాలో శారదకి షాపులో జీతమెంతో చెప్పేరేటే?” అనడిగింది. లేదప్పా, అదెక్కడా చెప్పలేదన్నాను.

తనకి మూడు వందలిస్తామన్నారట. దసరాకి ఒక చీర కూడా.